రోగి భద్రత - మన బాధ్యత
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి యేటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల నికాహ్‌ల గురించి మాట్లాడుకుంటున్నాము. అవన్నీ మాట్లాడుకోవలసినవే. ఈ సంవత్సరం వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము డాక్టర్లము కాము, హకీములము కాము. ఉర్దూ బడి పంతుళ్లము. అయినా ఒప్పుకున్నాము. ఎందుకంటే, మన మొహల్లాలలో డాక్టరు రాసిన చీటీ డాక్టరు తరువాత చేరేది పంతులు చేతికే. "సార్, ఇది పొద్దున వేసుకోవాల్నా, రాత్రి వేసుకోవాల్నా? జరా చూసి చెప్పండి" అని సాయంత్రం పూట మా గడప ఎక్కేవారు ఎందరో. ఆ చీటీలు చూసీ చూసీ మాకు కలిగిన ఆలోచనలనే ఈరోజు మీ ముందు పెడుతున్నాము.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాము. ఆస్పత్రికి పోయేది జబ్బు నయం చేసుకోవడానికి. అయితే జబ్బు వల్ల కాక, వైద్యం జరిగే తీరులోని పొరపాట్ల వల్ల మనిషికి హాని జరగడం కూడా ఉన్నది. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వడం, మోతాదు తప్పడం, శుభ్రం చేయని పనిముట్లతో ఆపరేషన్ చేయడం, రక్తం గ్రూపు సరిచూడకుండా ఎక్కించడం, చేతులు కడగకుండా బాలింతను ముట్టడం - ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. ఇట్లాంటివి జరగకుండా ముందే కట్టుదిట్టం చేసుకోవడాన్నే రోగి భద్రత అంటారు.

ఇది చిన్న విషయం కాదు. వైద్యం పొందే ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి వైద్యం జరిగే తీరు వల్లనే ఏదో ఒక హాని కలుగుతున్నదని, ప్రపంచం మొత్తం మీద యేటా 30 లక్షల మందికి పైగా ఇట్లా చనిపోతున్నారని, ఈ హానిలో దాదాపు సగం నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ సంస్థ సభ్యదేశాలన్నీ 2019లో తీర్మానం చేసి, సెప్టెంబరు 17వ తేదీని ప్రపంచ రోగి భద్రతా దినంగా నిర్ణయించాయి. 2023లో ఆ దినానికి రోగులను, వారి కుటుంబాలను భాగస్వాములను చేయాలన్నదే ముఖ్య విషయంగా పెట్టారు. అంటే ఈ పని డాక్టర్లది మాత్రమే కాదు, మంచం మీద పడుకున్నవారిది, మంచం పక్కన కూర్చున్నవారిది కూడా అని లోకం ఒప్పుకున్నట్లే.

ఇదంతా ఎక్కడో దూరదేశాల ముచ్చట అనుకునేరు. మన చుట్టుపక్కల జరిగినవే కొన్ని చెబుతాము. అందరూ పత్రికలలో చదివినవే.

2016 జూన్ 30న హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో కంటిశుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కండ్లలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కొందరికి ఆ కన్ను చూపే పోయింది. ఆపరేషన్‌లో కన్ను కడగడానికి వాడిన ద్రవంలోనే క్రిములు ఉన్నట్లు తేలింది. కత్తి పట్టిన చేయి మంచిదే కావచ్చు. సీసాలోని నీళ్లు మంచివి కావు.

2019 మార్చిలో అదే నగరంలో నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేసి, జ్వరం వస్తే వేయమని మాత్రలు ఇచ్చారు. పారాసిటమాల్ ఇవ్వవలసిన చోట ట్రమడాల్ అనే గట్టి నొప్పుల మాత్ర ఇచ్చారు. పిల్లలను నీలోఫర్ ఆసుపత్రికి పరుగున తీసుకుపోయారు. పసిప్రాణాలు పోయాయి. ఇచ్చిన చేతికి శత్రుత్వమేమీ లేదు. మాత్ర పేరు ఒక్కసారి చదివి చూడకపోవడమే అక్కడ కొంప ముంచింది.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవారికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు కొద్ది రోజులలోనే ఇన్‌ఫెక్షన్ వల్ల మరణించారు. అంతకు ముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క రోజులో 83 మందికి ఇట్లాగే చేసి, పదిమందికి పైగా తల్లులను పోగొట్టుకున్న ఉదంతం ఉండనే ఉన్నది. ఎనిమిదేండ్ల తరువాత కూడా మనం ఆ పాఠం నేర్చుకోలేదు.

ఇక మనకు గడప పక్కనే ఉన్న బళ్లారి సంగతి. ఆదోని, ఆలూరు వైపు వారికి కర్నూలు కంటే బళ్లారి దగ్గర. కాన్పులకు, గుండె జబ్బులకు అక్కడికి పోయేవారు మనలో ఎందరో ఉన్నారు. 2024 నవంబరులో బళ్లారి ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ కాన్పు అయిన తల్లులు కొద్దిరోజుల తేడాలో ఐదుగురు చనిపోయారు. వారికి ఎక్కించిన సెలైన్ ద్రవం మీద అనుమానం వచ్చి, కర్నాటక ప్రభుత్వం దాని వాడకాన్ని ఆపివేసి విచారణకు ఆదేశించింది. తల్లిపాలు తాగవలసిన పసికందులు తల్లి ముఖమైనా ఎరుగకుండా మిగిలిపోయారు. ఆ ఆడవారు మన అక్కచెల్లెళ్ల వంటివారే.

సభ్యులారా, ఈ ఉదంతాలు చెప్పింది మిమ్మల్ని భయపెట్టి ఆస్పత్రి మాన్పించడానికి కాదు. అట్లా మానుకుంటే ఇంకా ఎక్కువ ప్రాణాలు పోతాయి. ఇండ్లలో కాన్పులు తగ్గి ఆస్పత్రి కాన్పులు పెరిగిన తరువాతనే తల్లుల చావులు తగ్గాయి. సర్కారు దవాఖానాలలో రాత్రింబవళ్లు ఒంటిచేత్తో వందమందిని చూసే నర్సమ్మలు, డాక్టర్లు మనకు తెలుసు. వారి సేవకు సలాం. మేము చెప్పదలచినది ఒక్కటే. పై ఉదంతాలలో ఎక్కువ భాగం దుర్మార్గుల వల్ల జరిగినవి కావు. అలసట, తొందర, రద్దీ, ఒకేలా కనిపించే మాత్రల అట్టలు, సరిచూసే పద్ధతి లేకపోవడం - వీటి వల్ల జరిగినవి. పద్ధతి పెడితే తగ్గుతాయి.

పద్ధతి పెడితే తగ్గుతాయని రుజువు కూడా ఉన్నది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదికి 19 అంశాల తనిఖీ పట్టిక ఒకటి తయారు చేసింది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఈ మనిషి పేరు ఏమి? ఏ ఆపరేషన్? ఏ పక్క? ఏ మందు పడదు? చివరకు దూది, సూదులు లెక్క సరిపోయినాయా? ఇట్లాంటి ప్రశ్నలే. వాటిని పైకి చదివి, పైకి జవాబు చెప్పాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది దేశాల ఎనిమిది నగరాలలో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తరువాతి మరణాలు నూటికి ఒకటిన్నర ఉండేవి 0.8కి దిగినాయి. మా బడిలో పొద్దున హాజరు పిలిచినట్లు పిలవడమే! ఒక్క హాజరు పట్టీ అన్ని ప్రాణాలు కాపాడింది.

ఇది మన చరిత్రకు కొత్త కాదు. పూర్వం బగ్దాదు, డమాస్కస్ వంటి నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బజారులో తూనికలు, కొలతలు సరిచూసినట్లే అత్తారులు అమ్మే మందులను, వైద్యుల పనిని కూడా ఆయన తనిఖీ చేసేవాడు. వైద్యాన్ని అడిగి చూడటం అవమానమని అప్పటి హకీములు అనుకోలేదు. మనం ఎందుకు అనుకోవాలి?

ఇప్పుడు మన ఇండ్లలోకి వద్దాము. ప్రమాదాలు అందరికీ ఉన్నవే అయినా, మన పరిస్థితుల వల్ల మనకు ప్రత్యేకంగా ఉన్నవి కొన్ని కలవు. అవి మనమే చూసుకోవాలి. వేరెవరూ చూడరు.

మొదటిది భాష. ఇంట్లో మనం మాట్లాడేది ఉర్దూ. ఆదోని, ఎమ్మిగనూరు ఆస్పత్రులలో తెలుగు. బళ్లారిలో కన్నడం. చీటీ మీద ఇంగ్లీషు. ఒక్క మాత్ర నాలుగు భాషలు దాటుకుని మన అమ్మీజాన్ నోటిలోకి పోవాలి. ఒక సంగతి మా బడిలో గమనించాము. చీటీలో 1-0-0 అని రాస్తారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు అని దాని అర్థం. ఉర్దూ మాత్రమే చదివిన పిల్లలను, వారి తల్లులను దీన్ని చదవమంటే కొందరు కుడి పక్క నుండి మొదలుపెట్టారు! మన లిపి కుడి నుండి ఎడమకు నడుస్తుంది కదా. వారి లెక్కన అది రాత్రి మాత్ర అయింది. పొద్దున టిఫినుకు ముందు వేసుకోవలసిన చక్కెర మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకుంటే ఏమవుతుంది? నిద్రలోనే చక్కెర పడిపోయి తెల్లవారేసరికి మనిషికి తెలివి లేకుండా పోవచ్చు. ఇందులో డాక్టరు తప్పు లేదు, అంగడివాని తప్పు లేదు, ఆ తల్లి తప్పు అంతకన్నా లేదు. ఎవరూ ఆ సంగతి ఆలోచించలేదు, అంతే. ఇది ఆలోచించవలసింది ఉర్దూ చదువు చెప్పే మాలాంటివారు.

రెండవది పేర్లు. మన వైపు మహబూబ్ బాషాలు ఎందరు, ఖాజా హుసేన్‌లు ఎందరు, ఫాతిమాబీలు ఎందరు! ముందర షేక్ అనో సయ్యద్ అనో ఉంటుంది. ఒకే వార్డులో ఒకే పేరు గలవారు ఇద్దరుంటే నర్సమ్మ "మహబూబ్ బాషా ఎవరప్పా?" అని పిలుస్తుంది. ముందుగా పలికినవారికి సూది పడుతుంది. కాబట్టి పేరు ఒక్కటే చాలదు. పేరుతో పాటు తండ్రి పేరో భర్త పేరో, వయస్సు, ఊరు కూడా చెప్పాలి. రక్తం సీసా తెచ్చినప్పుడు, ఆపరేషన్‌కు తీసుకుపోయేటప్పుడు మనమే నోరు విప్పి చెప్పాలి.

మూడవది సుగ్గి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని పల్లెల నుండి మిరప కోతలకు గుంటూరు వైపు పిల్లాజెల్లాతో పోయే కుటుంబాలలో మనవారూ ఉన్నారు. పోయేటప్పుడు బియ్యం మూట మరచిపోరు. మందు చీటీ మాత్రం ఇంట్లో గూట్లోనే ఉండిపోతుంది. అక్కడ కొత్త డాక్టరుకు పాత జబ్బు తెలియదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి ఏ మందు ఇచ్చారో, ఏది పడలేదో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా బడిలో చదివే ఒక పాప తల్లికి పెన్సిలిన్ జాతి మందు పడదు. ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు చూసిన డాక్టరు ఈ సంగతి ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు. ఆ కాగితం వానకు తడిసి పోయింది. రెండేండ్లకు వేరే ఊరిలో గొంతు నొప్పికి ఒక చోట చూపించుకుంటే, ఆ జాతి మందే మళ్లీ ఇచ్చారు. ఏ మందైనా పడదా అని అడిగినవారు లేరు. అడగనప్పుడు చెప్పవచ్చునని ఆమెకు తెలియదు. "డాక్టరుకు మనం చెప్పేదేంటి సార్, ఆయనకు తెలియదా?" అన్నది. అల్లా దయ వల్ల పక్కింటివారు 108 బండికి ఫోన్ చేయడంతో బతికింది. ఆ ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు ఉన్నారు. తడిసిన కాగితం ముక్క మీద ముగ్గురు పిల్లల తల్లి ప్రాణం ఆధారపడి ఉండటం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

నాలుగవది సూది మందు మోజు. ఆర్.ఎం.పి. దగ్గరకు పోతే "సూది వేయకుంటే తగ్గదప్పా, గ్లూకోజు ఒకటి ఎక్కించు" అని మనమే అడుగుతాము. సూది వేయకుంటే ఆయన డాక్టరే కాదు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది ఎందుకు? 2018 మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగార్‌మౌ ప్రాంతంలో పదుల సంఖ్యలో జనానికి హెచ్.ఐ.వి. సోకినట్లు బయటపడింది. ఇంటింటికి తిరిగి ఒకే సూదితో మందు వేసిన నకిలీ వైద్యుని వల్ల జరిగిందని అధికారులు చెప్పారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి కూడా ఇట్లాగే అంటుకుంటాయి. కొత్త సూది కవరు మన కండ్ల ముందు విప్పాలి. వాడిన సూది మన ముందే పారవేయాలి. ఇది అడగడం మర్యాద తప్పడం కాదు.

ఐదవది పిల్లల దగ్గు మందు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో విషపదార్థం కలిసిన గ్లిసరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. నలభై ఏండ్లు గడిచాయి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో అదే జాతి విషం కలిసిన దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లల మూత్రపిండాలు చెడి చనిపోయారు. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేండ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ అక్టోబరులోనే హెచ్చరించింది. కాబట్టి అంగడికి పోయి "పాపకు దగ్గు, ఏదైనా సీసా ఇవ్వు" అని అడగడం మానుకోవాలి.

ఆరవది రంజాన్. చక్కెర జబ్బు ఉన్నవారు రోజా ఉండదలిస్తే నెల ముందుగానే డాక్టరును కలిసి, మాత్రల వేళలు, మోతాదులు మార్పించుకోవాలి. పొద్దుటి మాత్ర సహరీకి, రాత్రి మాత్ర ఇఫ్తారుకు అని మనంతట మనమే సర్దుకోవడం ప్రమాదం. రోజాలో ఉండగా చక్కెర 70 కంటే దిగినా, 300 దాటినా రోజా విడవాలని వైద్యులు చెబుతున్నారు. ప్రాణానికి ముప్పు ఉన్నవారికి దీన్‌లో సడలింపు ఉన్నదని మన ఇమాం సాహెబులు జుమా నాడు ఒక్క మాట చెబితే, వంద మంది డాక్టర్లు చెప్పిన దానికంటే ఎక్కువ పని చేస్తుంది. వారికి ఈ సభాముఖంగా విన్నపం చేస్తున్నాము.

ఇవన్నీ చెబితే మనలో రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు, "అంతా తఖ్దీర్, రాసిపెట్టినట్లు జరుగుతుంది" అంటారు. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని మన బుజుర్గులు మనకు నేర్పారు. తలుపు గడియ వేసుకునే కదా నిద్రపోతున్నాము! రెండవవారు, "ఏమైనా అయితే పదిమందిమి పోయి అద్దాలు పగులగొడదాం" అంటారు. అది ఇంకా తప్పు. ఆస్పత్రుల మీద, సిబ్బంది మీద దౌర్జన్యం చేస్తే శిక్షించడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అట్లుంచండి. తన్నులకు భయపడిన డాక్టరు జరిగిన పొరపాటును దాస్తాడు. దాచిన పొరపాటు మళ్లీ జరుగుతుంది. కష్టమైన కేసును ముట్టకుండా "కర్నూలుకు తీసుకుపోండి" అని పంపేస్తాడు. నూరు కిలోమీటర్ల దారిలో పోయే ప్రాణం మనదే.

ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉన్నది. అది అడగడం, రాసి పెట్టుకోవడం, అవసరమైతే చట్టప్రకారం ఫిర్యాదు చేయడం. కొన్ని హక్కులు అందరూ తెలుసుకోవాలి. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం, రోగి గానీ అతని తరఫువారు గానీ అడిగితే వైద్యపు కాగితాలను 72 గంటలలో ఇవ్వాలి. 2016లో ఆ నియమాలను సవరించి, మందుల అసలు పేర్లు స్పష్టంగా, వీలైనంత వరకు పెద్ద అక్షరాలలో రాయాలన్నారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పట్టిక తయారు చేసింది. డబ్బు తీసుకుని చేసే వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే వినియోగదారుల చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. జిల్లా కమిషన్‌లో రెండేండ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. సర్కారు దవాఖానాలో ఉచిత వైద్యానికి అది వర్తించదు. అక్కడి సూపరింటెండెంటుకు గానీ, సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో గానీ అర్జీ ఇవ్వాలి. ఏదైనా మందు వికటిస్తే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా తెలుపవచ్చు. ఆ ఒక్క ఫోను ఇంకో ఊరిలో ఇంకో బిడ్డను కాపాడవచ్చును.

ఇక మన సొసైటీ ఏమి చేయాలి? ఉపన్యాసం విని, బిర్యానీ తిని ఇంటికి పోతే ప్రయోజనం లేదు. నాలుగు సూచనలు కార్యవర్గం ముందు పెడుతున్నాము.

ఒకటి - దవా కార్డు. ప్రతి సభ్యుని కుటుంబానికి, సుగ్గికి పోయే ప్రతి ఇంటికి, నీళ్లకు తడవని కవరులో పెట్టిన గట్టి అట్ట కార్డు ఇవ్వాలి. అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, రక్తం గ్రూపు, పాత జబ్బులు, పడని మందులు ఉండాలి. వేళలను ఉర్దూ, తెలుగు, కన్నడ అక్షరాలలో రాసి, పక్కన ఉదయానికి పొద్దుపొడుపు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి చంద్రుని బొమ్మ వేయాలి. బొమ్మకు కుడి ఎడమలు లేవు. అయితే ఒక జాగ్రత్త కావాలి. మందు పేరును మన పిల్లలు ఉర్దూలోకి మార్చి రాయకూడదు. నకలు రాయడంలోనే కొత్త తప్పు దొర్లవచ్చు. మందు పేరు డాక్టరు గానీ, ఫార్మసిస్టు గానీ రాయాలి. వేళల బొమ్మల దగ్గర గుర్తు పెట్టేటప్పుడు వారి ఎదుటనే చదివి వినిపించాలి.

రెండు - ఆస్పత్రి సాథీలు. ఆదోని, ఎమ్మిగనూరు సర్కారు దవాఖానాలలో వారానికి కొన్ని రోజులు, తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మన యువకులు, కాన్పు వార్డు దగ్గర చదువుకున్న మన ఆడపిల్లలు ఉండాలి. సూపరింటెండెంటు గారి అనుమతితోనే ఉండాలి. వైద్యంలో జోక్యం చేసుకోకూడదు. మన ముసలివారికి డాక్టరు మాట ఉర్దూలో చెప్పడం, మళ్లీ వారితో చెప్పించి సరిచూడటం, అంతవరకే. మత భేదం లేకుండా అడిగిన ప్రతివారికీ సాయం చేయాలి. నేత మగ్గం ముందు కూర్చునే చేనేత అన్నకూ, జిన్నింగు మిల్లులో పత్తి మోసే కూలీ అక్కకూ ఇంగ్లీషు చీటీ ఒకే రీతిగా అర్థం కాదు.

మూడు - ప్రభుత్వానికి విన్నపం. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం చేశారు. ఆ భాష బోర్డుల మీదనే కాక మందుల కౌంటరు దగ్గర కూడా కనిపించాలి. ప్రతి ఇన్‌పేషెంటు చేతికి పేరు పట్టీ కట్టాలని, వార్డులో చేతులు కడిగే నీళ్లు, సబ్బు ఎప్పుడూ ఉండాలని, చాలినంత మంది నర్సులను వేయాలని ఆసుపత్రి అభివృద్ధి కమిటీలకు, జిల్లా అధికారులకు రాతపూర్వకంగా మనవి ఇవ్వాలి. నర్సు ఒక్కతే అరవై మందిని చూస్తుంటే, జాగ్రత్తగా ఉండమ్మా అని చెప్పడానికి మనకు నోరు ఎట్లా వస్తుంది?

నాలుగు - తప్పిన ప్రమాదాల పుస్తకం. "రాత్రి మాత్ర పొద్దున వేసుకోబోయి ఆగినాము", "వేరేవారి రిపోర్టు మా చేతికి ఇచ్చినారు, చూసుకుని మార్చుకున్నాము" - ఇట్లాంటివి సొసైటీ ఆఫీసులో ఒక పుస్తకంలో రాయాలి. డాక్టరు పేరు వద్దు, ఆస్పత్రి పేరు వద్దు, రోగి పేరు వద్దు. ఏమి జరిగింది, ఎట్లా పట్టుకున్నాము, అంతే. మూడు నెలలకు ఒకసారి అది చదివితే ఎక్కడ ఎక్కువగా కాలు జారుతున్నదో మనకే తెలుస్తుంది. అది నిందల పుస్తకం కాదు, పాఠ్యపుస్తకం.

వీటికి దుడ్లు ఎక్కడివి అని కోశాధికారిగారు అడుగుతారు. అడగవలసిందే. కార్డుకు అట్ట, అచ్చు ఖర్చు తప్ప వేరే లేదు. ఈసారి సన్మానాల శాలువాలు, పూలదండలు తగ్గించుకుందాము. ఈ సావనీరుకు ప్రకటనలు ఇచ్చే మన వ్యాపారులను ఒక్కొక్క మొహల్లా కార్డుల ఖర్చు పెట్టుకోమని అడుగుదాము. బొమ్మలు వేయడం, గీతలు గీయడం మా బడి పిల్లలు చేస్తారు. వారికి అది చదువు కూడా అవుతుంది. ఆ పని మేము ఒప్పుకుంటున్నాము.

మా విద్యార్థులకు ఒక్క మాట. మీ ఇండ్లలో మొదటిసారి ఇంగ్లీషు అక్షరాలు చదివేది మీరే. కాబట్టి ఈ రాత్రే నాన్నమ్మ, తాతయ్యల మందుల డబ్బా తెరిపించి చూడండి. అట్ట మీద గడువు తేదీ చదవండి. గడువు దాటినవి పక్కన పెట్టించండి. ఎర్ర గీత ఉన్న అట్ట కనిపిస్తే, అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు అని చెప్పండి. కీళ్లనొప్పులకు ఇచ్చే మెతోట్రెక్సేట్ వంటి మాత్రలు వారానికి ఒకసారి మాత్రమే వేసుకునేవి. వాటిని రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అట్లాంటిది ఉంటే ఏ వారం వేసుకోవాలో కాలెండరు మీద గుర్తు పెట్టండి. అర్థం కానిది ఉంటే మీరు ఊహించి చెప్పవద్దు. చీటీ తీసుకుని రాసినవారినే అడగండి.

పెద్దలారా, ఒకరు మనకు దాచమని ఇచ్చిన సొమ్మును అమానత్ అంటాము. దాన్ని లెక్కచూసి, రాసిపెట్టి, భద్రంగా తిరిగి ఇస్తాము. మనిషి ప్రాణం అంతకంటే పెద్ద అమానత్. డాక్టరు చేతిలో ఉన్నంతసేపు అది ఆయనకు అమానత్. మంచం పక్కన కూర్చున్నంతసేపు అది మనకు అమానత్. ఎవరి వంతు లెక్క వారు చూసుకోవాలి.

ఈ నాలుగు సూచనలను ఈరోజు సభలోనే తీర్మానంగా చేసి, వచ్చే రంజాన్ లోపల కనీసం దవా కార్డు పనైనా మొదలుపెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. రోగంతో మంచాన ఉన్న ప్రతి ఒక్కరికీ, వారు ఏ మతం వారైనా, అల్లా షిఫా ప్రసాదించుగాక.